వస్తుందని నేను చెప్పిన గేమ్ డబ్బా

అందరూ అడిగే ప్రశ్న

ముప్పై ఏళ్లకు పైగా రిపేరు బల్ల ముందు కూర్చున్నాను. మొదట్లో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీ సర్వీస్ సెంటర్లో టీవీలు, టేప్ రికార్డర్లు, తరవాత వీడియో గేమ్ డబ్బాలు చూసేవాణ్ణి. ఆ సెంటర్ మూసేశాక విశాఖ గోపాలపట్నంలో సొంత కొట్టు పెట్టి, గేమ్ డబ్బాలే నా పని అనుకున్నాను. ఇప్పుడు కళ్లజోడు రెండుసార్లు మారినా సన్న తీగలు కనబడటం లేదు కాబట్టి మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి చెప్పాల్సినవి నాలుగు మాటలున్నాయి. టంకం ఎలా పెట్టాలో వీడియోల్లో మీరే చూసుకుంటారు, అది నేను చెప్పను. బల్లకి అవతల నిలబడే మనిషికి ఏం చెప్పాలో ఏ వీడియోలోనూ ఉండదు. నాకది చాలా ఆలస్యంగా, చెంపదెబ్బ తిన్నట్టుగా తెలిసింది.

కొట్టులో నన్ను అన్నిటికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "బావా, ఈ డబ్బా కంపెనీవోళ్లు ఆపేసినారంట కదా, మళ్ళీ వస్తాదా?"

దానికి నా దగ్గర ఇప్పుడు ఒకటే జవాబు ఉంది. పేరు వస్తుంది, డబ్బా రాదు. ఆ లెన్సు చేసిన ఫ్యాక్టరీ మూతపడి ఉంటుంది. ఆ చిప్పు అచ్చులు ఎక్కడున్నాయో కంపెనీకే తెలియదు. ఎరుపు, పసుపు, తెలుపు తీగలు దూర్చుకునే రంధ్రాలు కొత్త టీవీలకి లేవు. కంపెనీ దగ్గర మిగిలింది పేరూ, ఆ పేరు వింటే మనకి పుట్టే ఆశా. ఆ రెండిటినీ చిన్న అట్టపెట్టెలో పెట్టి అమ్ముతారు. అందులో తప్పేమీ లేదు, వాళ్ల వ్యాపారం వాళ్లది. దాన్ని నమ్మి బల్ల దగ్గర మాట ఇచ్చేయడమే తప్పు. ఆ తప్పు నేను చేశాను.

మూర్తిగారి పాఠం

సర్వీస్ సెంటర్లో మా మేనేజర్ మూర్తిగారని ఉండేవారు. ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. చేతికి ఏనాడూ మసి అంటించుకోలేదు గానీ కస్టమర్‌ని కూర్చోబెట్టి నవ్వించి పంపడంలో ఆయన్ని మించినవాడు లేడు. నేను చేరిన కొత్తలో ఒకాయన పాత టేప్ రికార్డర్ హెడ్డు కోసం వస్తే, "అది తయారు కావటం లేదండీ, రాదు" అనేశాను. ఆయన వెళ్లాక మూర్తిగారు నన్ను లోపలికి పిలిచారు.

"ఏమయ్యా, రాదు అని చెప్పడానికి నీకెంత ధైర్యం? రాదంటే ఇంక ఆ మనిషి మన గుమ్మం తొక్కుతాడా? వస్తుందండీ అనాలి. ఎప్పుడొస్తుందని అడిగితే వచ్చే నెల అనాలి."

"వచ్చే నెల కూడా రాకపోతేనో సార్?"

"అప్పుడు ఇంకో వచ్చే నెల ఉంటుంది."

నాకు నవ్వొచ్చింది. కానీ ఆ మాట నాలికకి బాగా అలవాటైపోయింది. మూర్తిగారిని చెడ్డవాడని నేను అనను. మా జీతాలు సమయానికి ఇప్పించడానికి పైవాళ్లతో పోట్లాడిన మనిషి ఆయన. అయితే ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో నేను వదిలించుకోలేక నానా తిప్పలు పడింది ఈ ఒక్క మాటే. సెంటర్ మూసేశారు, ఆయన ఊరు మారిపోయారు, ఆ "వస్తుందండీ" మాత్రం నాతోపాటు గోపాలపట్నం కొట్టుకి వచ్చేసింది.

మూత తీస్తే ఊరు తెలుస్తుంది

విశాఖలో గేమ్ డబ్బా మూత తీసి చూస్తే అది ఏ పక్క నుంచి వచ్చిందో చెప్పేయొచ్చు. స్టీల్ ప్లాంట్ పక్కనుంచి వచ్చినదైతే మోటారు అయస్కాంతానికి నల్లటి ఇనుప నుసి గడ్డంలా అంటుకుని ఉంటుంది. హైవే పక్కదైతే ఎర్ర దుమ్ము. సముద్రం ఒడ్డుదైతే రాగి మీద ఆకుపచ్చ చిలుము, మరలకి తుప్పు. ఓడల మీద పనిచేసేవాళ్లు తెచ్చినదైతే ఇవేవీ చూడక్కర్లేదు, వాసనే చెప్పేస్తుంది. ఏదో దేశంలో నూట పది వోల్టుల సగం కరెంటుకి చేసిన డబ్బాని ఇంటికొచ్చిన ఆనందంలో మన గోడ ప్లగ్గులో పెట్టేస్తారు. ఢాం అంటుంది. అలా మాడినవాటితోనే నా కొట్టు మొదటి రెండేళ్లు నడిచింది.

సముద్రం ఒడ్డున ఉన్న యారాడ ఊరి నూకరాజు డబ్బా కూడా ఓడలో వచ్చిందే. అతని మేనల్లుడు ఓడ మీద పనిచేస్తూ ఎక్కడో కొన్నాడు. దేవుడి దయ వల్ల అది మన కరెంటుకి చేసినదే. చేతిలో ఒక కర్ర లాంటిది పట్టుకుని గాలిలో ఊపితే టీవీలో బొమ్మ కూడా చెయ్యి ఊపుతుంది. రెండో చేతికి ఇంకో చిన్న పిడి ఉంటుంది. ఆ రకం డబ్బాలు చేయడం కంపెనీ అప్పటికే ఆపేసింది.

నూకరాజు చేపల వేట మనిషి. యాభై దాటాక పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కాలు కొంత తేరుకుంది, చెయ్యి తేరుకోలేదు. రోజూ నీళ్ల సీసా వందసార్లు ఎత్తి దించమన్నారు డాక్టరుగారు. "సీసా ఎత్తి దించడానికి నానేటి సారా కొట్టోణ్ణా?" అని విసిరేశాడట. అలాంటి మనిషి మేనల్లుడు తెచ్చిన డబ్బాలో చేపలు పట్టే ఆట ఉందని తెలిసి, తిట్టడానికే మొదలుపెట్టాడు. ఎడమచేతికి ఆ పిడిని గుడ్డతో కట్టించుకుని, గిలక తిప్పినట్టు తిప్పేవాడు. తిప్పినంతసేపూ తిట్లే. "ఇది సేపేటే? దీనికి ముళ్లెక్కడున్నాయి? ఇంత సులువుగా పడిపోతే సముద్రం ఎందుకు, సెరువు సాలదా?" మూడు నెలలు తిట్టాడు. మూడు నెలల్లో పిడికి గుడ్డ అక్కర్లేకుండా పోయింది, వేళ్లు వాటంతట అవే మూసుకున్నాయి.

ఇదంతా నాకు చెప్పింది అతని భార్య ఎల్లమ్మ. డబ్బాని చీర కొంగులో కట్టుకుని రెండు బస్సులు మారి నా కొట్టుకి వచ్చింది. డిస్కు తీసుకోవడం లేదు. మూత తీస్తే లోపల తెల్లగా పొడి, మధ్యలో నాలుగు బియ్యపు గింజలు.

"ఇదేటమ్మా, దీనికి అన్నం పెట్టినావా?" అన్నాను.

"సెమ్మ పట్టీకుండా బియ్యం డబ్బాలో ఎట్టినాను బాబూ. ఫోను తడిస్తే బియ్యంలో ఎడతారు కదా. రోజూ ఆడేక అందులోనే కప్పెట్టీదాన్ని."

పగలబడి నవ్వాను. ఆవిడ కూడా నవ్వింది. ఉప్పుగాలి నుంచి కాపాడదామని అంత జాగ్రత్తగా కప్పెట్టి, ఆ బియ్యప్పొడితోనే డిస్కుని చదివే లెన్సుని చంపేసింది. నేను చేసిన పని తెలిశాక ఆ నవ్వు నాకే ఎదురు తిరిగింది.

నా తప్పు

ఆ వారమే ఫోన్లో వీడియోలు హోరెత్తుతున్నాయి. ఆ డబ్బాని కంపెనీ మళ్ళీ తెస్తోందని, దీపావళికి వచ్చేస్తోందని. అదే పేరు, అదే తెల్ల రంగు. నేను పొంగిపోయాను. ఆ డబ్బా నాకు ఇష్టం, అందుకే నమ్మాలనిపించింది, నమ్మేశాను. ఎవర్నీ అడగలేదు, ఏమీ చదవలేదు.

"అమ్మా, ఈ లెన్సు దొరకదు. దీంతో కుస్తీ పట్టడం దండగ. కొత్తది వస్తాది, దీపావళికి. నాను తెప్పించి ఇత్తాను" అని చెప్పాను.

"నిజంగా వస్తాదా బాబూ?"

"వస్తాదమ్మా."

ఆవిడ చేతులు జోడించి వెళ్లిపోయింది.

మా పనిలో ఒక పాత ట్రంకు పెట్టె ఉంటుంది. బతికించలేని డబ్బాలని అందులో పడేసి, వాటి భాగాలు పీకి మిగతావాటికి వేస్తాం. దాన్ని మేం శ్మశానం అంటాం. దానికి ఒకటే కట్టుబాటు. డబ్బా సొంతదారు తన నోటితో "పడెయ్యండి" అనేదాకా ఏదీ అందులోకి పోకూడదు. నాకు పని నేర్పిన ముసలాయన దీన్ని ఒట్టు వేయించుకుని మరీ చెప్పాడు. ఎల్లమ్మ ఆ మాట అనలేదు. కొత్తది వస్తున్నప్పుడు పాతది ఎందుకులే అనుకుని నేనే వేసేశాను. వారం తిరక్కుండా దాని బోర్డు ఒకరి డబ్బాకి, చేతికర్రా పిడీ ఇంకొకరికి వెళ్లిపోయాయి. నా దగ్గర మిగిలింది ఖాళీ ప్లాస్టిక్ డొల్ల.

దీపావళికి కొత్తది వచ్చింది. పార్సిల్ నేనే విప్పాను. తెల్ల రంగు ఉంది, పేరు ఉంది. సైజు మాత్రం టిఫిన్ డబ్బాలో సగం. డిస్కు పెట్టే చీలికే లేదు. కంపెనీ ఎంచి పెట్టిన కొన్ని ఆటలే లోపల ఉన్నాయి, అందులో చేపల ఆట లేదు. చేతిలో పట్టుకోవడానికి తీగ ఉన్న మామూలు బొత్తాల పలక. పాత డబ్బా కర్ర దీనికి కలవదు.

ఎల్లమ్మ వచ్చి అటూ ఇటూ తిప్పి చూసింది.

"సెయ్యి ఊపీది ఏదీ?"

"ఇందులో లేదమ్మా."

"మరి మాది ఇచ్చీ. లెన్సు పోతే పోనాది, ఇంకెవరికైనా సూపించుకుంతాను."

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. ఆవిడ అరుస్తుందనుకున్నాను. చేపల బజారులో పెరిగిన గొంతు, వీధంతా వినబడేలా తిట్టగలదు. తిట్టలేదు.

"నువ్వు రాదంటే నాను ఇంకో దారి సూసుకుందును బాబూ. వస్తాదన్నావు. నీ మాట మీద మేం కూకున్నాం. ఆ మనిషి సెయ్యి మళ్ళీ ముడుసుకుపోనాది. ఇప్పుడు గ్లాసు కూడా పట్టలేకపోతన్నాడు."

సిగ్గుతో నా ముఖం మండిపోయింది. ముప్పై ఏళ్లలో బోర్డులు కాల్చాను, కనెక్షన్లు తారుమారు చేశాను, ఒకసారి కస్టమర్ టీవీ కింద పడేశాను. వాటన్నిటికీ సర్దుబాటు ఉంది. నా మాట నమ్మి ఒక మనిషి చెయ్యి ఎండిపోయింది, దానికి ఏ బిల్లులో తగ్గింపు రాస్తాను?

నాలిక చివరిదాకా మళ్ళీ ఆ పాత మాటే వచ్చింది, తెప్పిస్తానమ్మా అని. పళ్లు బిగించి మింగేశాను.

"దొరుకుతాదో దొరకదో నాకు తెలీదమ్మా. పది రోజులియ్యి. దొరక్కపోతే దొరకలేదని నానే యారాడ వచ్చి సెప్తాను" అన్నాను.

ఎలమంచిలి గోడౌన్

కొట్టు తలుపు మీద "పది రోజులు సెలవు" అని రాసి అంటించాను. నాకు తెలిసిన ప్రతి మెకానిక్‌కీ ఫోన్ చేశాను. లెన్సులు ఉన్నవాళ్ల దగ్గర అరిగిపోయినవే ఉన్నాయి. అనకాపల్లిలో ఒకాయన ఇచ్చిన లెన్సు పది నిమిషాలు పనిచేసి చచ్చింది. నాలుగో రోజున గుర్తొచ్చాడు అప్పారావు.

అప్పారావుకి ఎలమంచిలిలో గేమ్ పార్లర్ ఉండేది. ఫోన్లు వచ్చాక పిల్లలు రావడం మానేస్తే, దాన్ని తీసేసి విత్తనాల కొట్టు పెట్టుకున్నాడు. ప్యాసింజర్ రైలెక్కి వెళ్లాను. గోడౌన్‌లో మినప విత్తనాల బస్తాల వెనకాల నాలుగు తెల్ల డబ్బాలు, వాటి చేతికర్రలూ పిడులూ, ఎలకలు కొరికిన తీగలతో పడి ఉన్నాయి.

"పట్టుకుపో బావా, అడ్డం తప్పుతాది. కానీ అవి పనికొస్తాయేటి? రోజూ పది గంటలు ఆడించీసినాను" అన్నాడు.

"ఆటలు డిస్కులతో ఆడించేవోడివా?"

"డిస్కులెవడు కొంటాడు? హార్డ్ డిస్కులో దొంగ కాపీలు ఎక్కించీసి, దాంతోనే నడిపీసినాను."

అతన్ని కౌగలించుకున్నంత పనిచేశాను. డిస్కు వాడలేదంటే లెన్సు వెలగలేదు. డబ్బా అంతా అరిగిపోయినా లెన్సు మాత్రం కొత్తదే అన్నమాట. సర్వీస్ సెంటర్లో ఉండగా దొంగ కాపీలు ఆడిన డబ్బా వస్తే ముట్టుకోకుండా వెనక్కి పంపేవాళ్లం, అది రూలు. ఆ రూలు సరైనదే అని ఇప్పటికీ అంటాను. కానీ ఆ పూట నన్ను కాపాడింది మాత్రం అప్పారావు చేసిన తప్పే.

మిగిలిన ఆరు రోజులూ బల్ల ముందే ఉన్నాను. నాలుగు లెన్సులూ బాగున్నాయి. నాలుగు బోర్డుల్లో మూడు చెమ్మకి పోయాయి. నాలుగోది బొమ్మ చూపించి ఆగిపోయేది. చిప్పు కింద టంకం పగిలిందని ఊహించి వేడి పెట్టాను, మొదటిసారి కుదరలేదు. రెండోసారి బొమ్మ నిలబడింది గానీ డిస్కు తిరగలేదు. మోటారు వేరే డబ్బాలోంచి తీసి వేశాను. చేతికర్రల్లో బ్యాటరీలు కారిపోయి రేకులు తినేశాయి. నిమ్మరసంతో కడిగి, పూర్తిగా తినేసిన రేకుల చోట కొత్తవి కత్తిరించి అతికించాను. మా ఆవిడ బల్ల దగ్గరికే కేరేజీ పంపింది. వేళ్లు పట్టేస్తే కాసేపు చంకల్లో పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. ఇది అవ్వాలి, అవ్వకపోతే నేను ఈ పని చేయడానికి తగను, అంతే. ఇంకో ఆలోచన రానివ్వలేదు.

పదో రోజు పొద్దున్న డిస్కు తిరిగింది. పట్టుకుని నేరుగా యారాడ బయల్దేరాను.

యారాడలో

నూకరాజు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి ఒళ్లో పడుకున్న పిల్లిలా ఉంది. నన్ను చూసి నవ్వలేదు, రమ్మనలేదు. ఎల్లమ్మే లోపలికి తీసుకెళ్లింది. పాత డబ్బా టీవీ, అదృష్టం, మూడు రంగుల రంధ్రాలూ ఉన్నాయి. తీగలు కలిపాను. చేపల ఆట డిస్కు ఆవిడ పెట్టెలో చీరల మధ్య దాచింది. పెట్టగానే నీళ్ల బొమ్మ వచ్చింది.

నూకరాజు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"ఇది కొత్తదా?"

"కాదు. నాలుగు పాతవాటిని కలిపి సేసినాను."

"మళ్ళీ పోతాదా?"

"పోతాది."

"పోతే మళ్ళీ వస్తాదా?"

ఎల్లమ్మ నా వైపు చూసింది. మనిషిని ఓదార్చడానికి ఒక్క మాట చాలు, అది నాకు వెన్నతో పెట్టిన విద్య. అనలేదు.

"రాదు బావా. కంపెనీ మళ్ళీ దీన్ని సెయ్యదు. నా దగ్గర ఇంకో మూడు లెన్సులున్నాయి. బోర్డు మాత్రం ఇదొక్కటే. ఇది పోతే ఇంక నేదు. ఏడాది పనిసేత్తాదో, రెండేళ్లు సేత్తాదో సెప్పలేను. నీ డబ్బా నిన్నడక్కుండా ఇప్పేసినాను, అది నా తప్పు."

అతను కోపంలో బయటికి పొమ్మంటాడనుకున్నాను. వచ్చి మంచం మీద కూర్చుని, కుడిచేత్తో ఎడమచెయ్యి ఎత్తి నా ముందుకు చాపాడు.

"కట్టు" అన్నాడు.

ఎల్లమ్మ గుడ్డముక్క ఇచ్చింది. ముడుచుకున్న వేళ్లు ఒక్కొక్కటే విప్పి, పిడి చుట్టూ పెట్టి కట్టాను. నొప్పికి అతని దవడ బిగుసుకుంది, చెయ్యి మాత్రం లాక్కోలేదు.

"ఇది పోయేలోపు నా సెయ్యి రావాల. అంతే కదా?"

"అంతే."

"అయితే నువ్వు బేగి లెగు. టీవీకి అడ్డం కూకున్నావు."

బియ్యం డబ్బాలో పెట్టొద్దని ఎల్లమ్మకి చెప్పి, పాత దుప్పటి గుడ్డతో సంచి కుట్టమన్నాను. ఆ తరవాత నెలకోసారి నేనే వెళ్లి చిలుము తుడిచి వచ్చేవాణ్ణి. వెళ్లిన ప్రతిసారీ తిట్లు వినబడేవి, వాటిలో కొన్ని నాకు. మొదటి లెన్సు ఏడాదిన్నర ఉంది. రెండోది ఇంకొన్ని నెలలు. ఆ తరవాత ఒకరోజు బోర్డే పోయిందని ఎల్లమ్మ ఫోన్ చేసింది. ఇంక చేసేదేమీ లేదని తెలుసు. అయినా అది ఫోన్లో చెప్పే మాట కాదు, ఎదురుగా చెప్పాలని బయల్దేరాను.

ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటివాళ్లు ఒడ్డుకి వెళ్లమన్నారు. వల లాగడం అయిపోయింది, చేపలు పంచుకుంటున్నారు. కొంచెం ఎడంగా నూకరాజు ఇసకలో కాళ్లు చాపుకుని కూర్చుని తాడు చుడుతున్నాడు. తడి తాడు, బరువైనది. కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో చుడుతున్నాడు. మెల్లిగా, చుట్టు చుట్టుకీ ఆగి, వేళ్లు మూసి చూసుకుని. చాలాసేపు నిలబడి చూశాను. కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది, అబద్ధం ఎందుకు.

"బావా, ఆ బోర్డు ఇంక నేదు. రాదు" అన్నాను.

అతను తల ఎత్తలేదు.

"తెలుసు. ఇంకో రెండు సుట్లున్నాయి, ఆ సివర పట్టుకో."